పడుకుంటే పోయే తలనొప్పి

సూది మేడం

మత్తు డాక్టరుకు పేరుండదు. ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు ముందుగా చెప్పవలసిన సంగతి ఇదే. మిఠాయి డబ్బా కాన్పు చేసిన డాక్టరు గదికి వెళ్తుంది. ఆడపిల్ల పుడితే ఒక్కోసారి ఆవిడ పేరే పెట్టుకుంటారు. మనం మాత్రం ‘గా సూదేసిన మేడం’గా మిగిలిపోతాం. మనల్ని గుర్తుపట్టేది కూడా ఎక్కడో ఏదో నొప్పి పుట్టినప్పుడే. ఒకసారి మేడ్చల్ మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే ఒకాయన దగ్గరికొచ్చి, “మా ఇంటామెకు నడుంల సూదేసింది మీరే గదా మేడం?” అని అడిగాడు. ఔనన్నాను, కొంచెం గర్వంగానే.

“అప్పటి సంది ఆమెకు మస్తు కోపమొస్తాంది” అన్నాడు.

నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, జుట్టు రాలడం, కోపం. మేడ్చల్, శామీర్‌పేట, గాజులరామారం నర్సింగ్‌హోముల చుట్టూ తిరుగుతూ కాన్పు ఆపరేషన్లకు వెన్నులో మత్తు ఇవ్వడమే నా ఉద్యోగం. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళకు వచ్చిన బాధలన్నింటికీ మూలం నా సూదేనని అక్కడొక గట్టి నమ్మకం. అందులో చాలావరకు అన్యాయం. ఒక్కటి మాత్రం నిజం. ఆ ఒక్కదాని గురించే రాస్తున్నాను.

వెన్నెముక లోపల ఒక పల్చటి పొర సంచిలా ఉంటుంది. అందులో నీళ్ళు. మెదడు ఆ నీళ్ళమీదే తేలుతూ ఉంటుంది. మనం ఇచ్చే సూది ఆ పొరను దాటితేనే మత్తు ఎక్కుతుంది. అది చేసిన రంధ్రం చాలామందిలో దానంతటదే పూడుకుపోతుంది. కొద్దిమందిలో మాత్రం కొన్నాళ్ళు నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. అప్పుడు మనిషి కూర్చుంటే తల బద్దలవుతుంది, పడుకుంటే హాయిగా ఉంటుంది. నొప్పులు పడేవాళ్ళకిచ్చే ఎపిడ్యూరల్ సూది ఇంకా లావు. అది పొరకు ఇవతలే ఆగాలి. ఆగకుండా పొరపాటున పొడుచుకుందా, నొప్పి మరీ ఘోరంగా వస్తుంది. శాస్త్రం ఇంతే. మిగిలిందంతా మనుషులు.

అనసూయగారి దిండ్లు

నేను ఎక్కువకాలం పనిచేసింది మేడ్చల్‌లో డాక్టర్ అనసూయగారి దగ్గర. కాన్పుల డాక్టరు, నర్సింగ్‌హోము ఓనరు. చేతి నేర్పు గొప్పది. ఆవిడ కుట్లు వేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. అభిప్రాయాలు మాత్రం కుట్లకంటే గట్టివి. ఆపరేషనైన మనిషి ఒక పగలూ రాత్రీ దిండు లేకుండా బల్లపరుపుగా పడుకుంటే తలనొప్పి రాదని ఆవిడ సిద్ధాంతం. అలా పడుకోబెట్టినంత మాత్రాన రాకుండా ఆగదని, సూది ఎంత సన్నం, దాని మొన ఎలాంటిది అన్నదే ముఖ్యమని నేను చెప్పి చూశాను.

“నువ్వు చదివిన పుస్తకం నీ దగ్గర ఉంచుకో. దిండ్లు నా దగ్గర ఉంటాయి” అన్నారు.

నిజంగానే ఉండేవి. వార్డులో దిండ్లన్నీ పోగుచేసి తన గదిలోని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. దాంతో మేడ్చల్‌లో దిండ్ల దొంగరవాణా మొదలైంది. ఒకాయన చెల్లెలి కోసం బియ్యం సంచిలో దిండు దాచి తెచ్చి వార్డు ఆయమ్మకు దొరికిపోయాడు. ఇంకొకామె తలకింద మడతపెట్టిన చీరలు బయటపడ్డాయి, ముగ్గురాడవాళ్ళవి. అనసూయగారు ఒక్కొక్క చీరా లాగి ఎవరిదని అడుగుతుంటే వార్డంతా ఊపిరి బిగబట్టుకుని చూసింది.

పైవాళ్ళతో ప్రతి వాదనా గెలవాలనుకోకండి. నేను దిండ్ల సంగతి వదిలేసి, దానికి బదులుగా పెన్సిల్‌లా మొన కోసుగా ఉండే సన్నసూదులు తెప్పించమని పట్టుబట్టాను. దిండ్ల మీద గెలిచిన సంతోషంలో ఆవిడ సూదులకు ఒప్పుకున్నారు. తలనొప్పులు బాగా తగ్గాయి. అది దిండ్ల మహిమేనని ఆవిడ చివరిదాకా అందరికీ చెబుతూ వచ్చారు. చెప్పనిచ్చాను.

తగ్గాయన్నాను గానీ పోలేదు. మిగిలిన ఆ కొద్దిమందిలో ఒకామె మమత.

ఎండు రొయ్య

మమతది శామీర్‌పేట. మామ, మొగుడు మహేశ్ చెరువులో చేపలు పడతారు. అత్త బాలమణి రోడ్డు పక్కన కూర్చుని అమ్ముతుంది. మమత పొలుసు తీసి ముక్కలు కోసి ఇస్తుంది. రెండో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని అనసూయగారు ఆపరేషన్ అన్నారు.

సూది వేసేముందు మనిషిని కూర్చోబెట్టి వీపు బాగా వంచమంటాం. ఎముకల మధ్య సందు అప్పుడే తెరుచుకుంటుంది. ఎలా వంగాలో చెప్పడానికి నాకు అలవాటైన మాట ఒకటుంది.

“రొయ్య లెక్క ఒంగు బిడ్డా.”

“పచ్చి రొయ్య లెక్కనా, ఎండు రొయ్య లెక్కనా మేడం?” అంది మమత.

ఆపరేషన్ బల్లమీద, అంత భయంలో, నిండు కడుపుతో ఆ ప్రశ్న అడిగిన మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు. ఎండు రొయ్యన్నాను. చక్కగా వంగింది. మొదటిసారి సూది ఎముకకు తగిలింది, రెండోసారి దారి దొరికింది. మగపిల్లవాడు పుట్టాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆమెకు ఏ బాధా లేదు. వెళ్ళిన మర్నాడు మహేశ్ నుంచి ఫోను.

“మేడం, ఆమెకు తల నొస్తాందట. మా అమ్మ నాటకమంటాంది, మా అత్త సూది అంటాంది. నేను ఎవరి దిక్కు మాట్లాడినా ఇంకొకరు తిడుతున్నరు. జర మీరు రారాదుండ్రి?”

నవ్వు రాని సంగతి

ఫోనులోనే మందు చెప్పి పెట్టేయొచ్చు. నేను పెట్టేయను. ఎందుకో చెబుతాను.

అంతకుముందు గాజులరామారంలో ఒక బాలింత. ఆపరేషనై ఇంటికి వెళ్ళాక తలనొప్పి. అక్కడి డ్యూటీ డాక్టరు నాకు ఫోను చేసి, “మీ సూది తలనొప్పే మేడం, గోలీ రాసి పంపేస్తున్నాను” అన్నాడు. పడుకుంటే తగ్గుతుందా అని అడిగాను. అడగలేదన్నాడు. నేను వెళ్ళి చూసేసరికి ఆమె చీకటిగదిలో వెల్లకిలా పడుకునే తల పట్టుకుని ఏడుస్తోంది. కళ్ళముందు మెరుపులు వస్తున్నాయంది. బీపీ చూస్తే ఉండవలసినదానికంటే చాలా ఎక్కువుంది. కాన్పు అయిపోయింది కదా, ఇక బీపీ గొడవ లేదని అందరూ అనుకున్నారు. ఇంకాసేపు ఆగితే ఫిట్స్ వచ్చేవి. వెంటనే మందు మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపాం. బతికింది.

బాలింత తలనొప్పులన్నీ మన సూదివి కావు. బీపీది కావచ్చు, మెదడు నరాల్లో గడ్డకట్టిన రక్తానిది కావచ్చు, మెదడు పొరలకు పట్టిన చీముది కావచ్చు. పడుకున్నా పోని నొప్పిని, చూపు తేడాతోనో జ్వరంతోనో ఫిట్స్‌తోనో వచ్చిన నొప్పిని మన ఖాతాలో వేసుకుని ఊరుకోవద్దు. మొదట పడుకుంటే నొప్పి తగ్గి, తర్వాత ఆ తీరు మారినా ఊరుకోవద్దు. ‘సూది తలనొప్పి’ అనే మాట మనుషుల్ని చంపగలదు. వెళ్ళి చూడండి.

పనిదొంగ నొప్పి

యాప్రాల్‌లో ఉన్న మా ఇంటికి శామీర్‌పేట మీదుగా వెళ్ళడం నాకు కొంచెం చుట్టే. అయినా ఆ సాయంత్రం అటే కారు తిప్పాను. వాకిట్లోనే బాలమణి ఎదురొచ్చింది. ఎత్తైన మనిషి, రోడ్డుకు అటువైపున్న కొనుగోలుదార్లను పిలిచి పిలిచి పెరిగిన గొంతు.

“రా డాక్టరమ్మా, మంచిగొచ్చినవ్. నువ్వే జూసి చెప్పు. పండుకుంటె నొప్పి పోతదంట, కూసుంటె వస్తదంట. గిదేం నొప్పి? పని చెప్పంగనే వస్తది, పని అయిపోంగనే పోతది. పండుకొని ఫోన్ల మాట్లాడ్తది, నవ్వుతది. కూసోబెట్టంగనే మెడ వట్టుకుంటది, చెవులు మూసుకపోయినయంటది, కక్కుతది. మల్ల ఒరిగితె ఏం లేదు! చాప తాజాదో కాదో మొప్పలు జూసి చెప్త నేను. నొప్పి అసలుదో నకిలీదో మొకం జూసి చెప్పలేనా? గిది పనిదొంగ నొప్పి.”

నేను నోరు తెరుచుకుని విన్నాను. కోడలి మీద అత్త చదివిన నేరాల పట్టిక, మా పుస్తకంలోని రోగలక్షణాల పట్టిక ఒక్కటే. మాట పొల్లుపోలేదు. తీర్పు ఒక్కటే తలకిందులు.

లోపల మంచంమీద మమత. పక్కన ఆమె తల్లి యాదమ్మ, గుండ్లపోచంపల్లి నుంచి కూతురి బాలింతపనులకు వచ్చింది. మమత తలకు గుడ్డ బిగించి, చెవుల్లో దూది కుక్కి, గది నిండా సాంబ్రాణి వేశారు. ఆ పొగలో నాకూ తలనొప్పి మొదలైంది. బీపీ చూశాను, జ్వరం చూశాను, మెడ, కళ్ళు, కాళ్ళలో పట్టు చూశాను. అన్నీ బాగున్నాయి. మెల్లగా లేపి కూర్చోబెట్టాను. రెండు మాటలు మాట్లాడేలోగా మొహం పాలిపోయింది. “మేడం, పండవెట్టుండ్రి” అంది. పడుకోబెడితే మళ్ళీ మనిషైంది.

“జూసినవా?” అంది బాలమణి, గెలిచినట్టు.

“చూసిన. మీరు చెప్పినయన్నీ నిజమే. అందుకే గిది అసలు నొప్పి” అన్నాను. ఆ తర్వాత ఒక పొరపాటు మాట వాడాను. “సూది పోయిన తాన సన్న రంధ్రం పడ్డది. అండ్ల నుంచి నీళ్ళు కారుతున్నయి.”

యాదమ్మ గుండె బాదుకుంది. “ఓ నా బిడ్డో! నీ ఈపుకు బొక్క వెట్టిండ్రానే! వదినా, ఇంటున్నవా? నీ కోడలికి బొక్క వడ్డదంట!”

“ఇన్న తియ్యి. కారితె మంచమెందుకు తడుస్తలేదు?” అంది బాలమణి, పరుపు తడిమి చూస్తూ.

ఆ నీళ్ళు బయటికి రావని, లోపలే ఇంకిపోతాయని, చాలామందికి వారం రెండు వారాల్లో దానంతటదే మానుతుందని నచ్చచెప్పేసరికి పొద్దుగూకింది. అప్పటికే యాదమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసింది. మర్నాడు అనసూయగారు నన్ను గదిలోకి పిలిచారు.

“పేషెంట్లకు నిజం చెప్పమన్నాను. అంత నిజం ఎవరు చెప్పమన్నారు?”

ఇక్కడ నా అభిప్రాయం వేరు. నిజం పూర్తిగానే చెప్పాలి, అదీ సూది వేయకముందే. వందలో ఏ ఒకరిద్దరికో ఇలా వస్తుంది, వస్తే నాకు ఫోను చెయ్యండి అని ముందే చెబితే అది జాగ్రత్త. వచ్చాక చెబితే అది సాకు. మాట మాత్రం చూసి ఎంచుకోవాలి. ఆ తర్వాత నేను రంధ్రం అనలేదు, ‘సూది జాడ ఇంకా మానలేదు’ అన్నాను. నిజం అదే, గుండె బాదుకునేవాళ్ళు తగ్గారు.

నీళ్ళ పంచాయితీ

నొప్పి గోలీలు రాశాను. కావలసినంత సేపు పడుకోమన్నాను, పక్కకు తిరిగి పాలిమ్మన్నాను. దాహమైనన్ని నీళ్ళు తాగమన్నాను, రెండుపూటలా చాయో కాఫీయో తాగమన్నాను. అంతవరకు ఏ విషయంలోనూ కలవని వియ్యపురాళ్ళిద్దరూ ఈ ఒక్కచోట కలిశారు.

“బాలింతకు నీళ్ళా? కడుపు చెరువైతది” అంది యాదమ్మ.

“కాపీ తాగితె పిలగాడు నల్లగైతడు” అంది బాలమణి.

“పిలగాని నాయిన ఏం తెల్లగున్నడని అత్తమ్మా?” అంది మంచంమీంచి మమత. మహేశ్ గుమ్మంలో నిలబడి తన చేతులు చూసుకున్నాడు.

నీళ్ళు తాగినంత మాత్రాన రంధ్రం పూడదు. ఆ అపోహ మన డాక్టర్లలోనూ ఉంది. కానీ గొంతెండిన మనిషికి ఏ తలనొప్పయినా రెట్టింపవుతుంది. ఆ ఇంట్లో మమతకు రోజుకు దక్కుతున్నది చిన్న గ్లాసెడు వేడినీళ్ళు. చివరికి నీళ్ళ బాధ్యత మహేశ్‌కు అప్పగించాను. ఇద్దరు తల్లులు చూడకుండా పెళ్ళానికి నీళ్ళు తాగించడానికి ఆ పెద్దమనిషి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. నొప్పి తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. ఈసారి మమత నవ్వలేదు. తల్లులిద్దరూ వంటింట్లో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, ఒక మాట అడుగుత, తిట్టొద్దు. అందరు నాటకం నాటకం అంటాంటె నాకే అనుమానమొస్తాంది. నాకు నిజంగనే నొస్తాందా, నేనే చేస్తున్ననా? పెద్దపిల్ల మూడేండ్లది. ఒడిల కూసోవెట్టుకోమని ఏడుస్తది. దానికోసమన్న లేస్త గదా నాటకమైతె?”

ఈ వృత్తిలో నేను విన్న మాటల్లో ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నొప్పి కంటే నొప్పిని నమ్మకపోవడం ఎక్కువ గుల్ల చేస్తుంది. “నీకు నొస్తాంది బిడ్డా. నాకు తెలుసు, నేనే సాక్షం” అన్నాను. ఆమె ఏడ్చింది. నేనిక ఆగదలచుకోలేదు.

ఎవరి రక్తం

దీనికి ఒక గట్టి వైద్యముంది. మనిషి చేతినుంచి కొంచెం రక్తం తీసి, వెన్నులో ఆ పొరకు ఇవతల, సూది జాడ దగ్గర ఎక్కిస్తాం. అది గడ్డకట్టి కారే చోటును మూసేస్తుంది. అనసూయగారు వినగానే కళ్ళజోడు తీసేశారు.

“ఒక బొక్క పూడ్చడానికి ఇంకో బొక్కా? అదీ తగ్గకపోతే యాదమ్మ ఈసారి ఎవరికి ఫోను చేస్తుందో తెలుసా?”

“అందరికీ చేస్తుంది. ఒకసారికి తగ్గకపోవచ్చు కూడా, ఆ మాట వాళ్ళకు ముందే చెబుతాను. కానీ మనం ఇచ్చిన నొప్పి మేడం ఇది. పంపించేస్తే ఎవరు చూస్తారు?”

ఆవిడ కాసేపు బల్లమీద వేలితో తట్టారు. “రక్తం నేనే తీస్తాను. నీ జూనియర్లను నమ్మను” అన్నారు. అనసూయగారి ఒప్పుకోలు అలాగే ఉంటుంది.

రక్తపరీక్షలు చూసుకుని మమతను తీసుకురమ్మన్నాం. వరండాలో నిలబడి నేను చేయబోయేది చెబుతున్నాను. రక్తం అన్న మాట నోట్లో ఉండగానే బాలమణి ముందుకొచ్చింది. గాజులు మోచేతిదాకా ఎక్కించి చెయ్యి నా మొహం ముందు చాపింది.

“నాది తియ్యి.”

నాకు అర్థం కాలేదు. “ఏంది?”

“రక్తం! నాది తియ్యి. దినాం చాపలు తిన్న రక్తం, గట్టిగుంటది. గా పిల్ల పానం మొత్తం పాలిపోయింది, దాని దగ్గర ఏమున్నదని తీస్తరు?”

“కన్నతల్లిని నేనుండంగ నీ రక్తమెందుకు వదినా?” యాదమ్మ కూడా చెయ్యి చాపింది. “అది నా రక్తమే. కలుస్తది.”

“ఎన్నడో ఇచ్చినవ్ తియ్యి. లగ్గమైనంక మా ఇంటి మనిషి.”

“మరి ఇన్ని దినాలు మీ ఇంటి మనిషిని పనిదొంగ అంటివి!”

“అంట! మా ఇంటి మనిషిని నేను గాకపోతె ఎవరంటరు?”

పక్క వార్డులోంచి జనం తొంగిచూశారు. రెండు చేతులు నా ముందు చాపి ఉన్నాయి. పొద్దున దాకా కోడలిది దొంగనొప్పి అన్న మనిషి తన నెత్తురు తీసుకోమని పోట్లాడుతోంది. అప్పుడు నాకు తెలిసింది, ఆ కసురుకోవడం అంతా భయమని. నొప్పి నాటకమైతే కోడలికి ఏమీ కానట్టే. అలా అయితే బాగుండునని ఆవిడ అన్ని రోజులూ గట్టిగా అరిచింది.

“అమ్మా, ఎవరిదీ పనికిరాదు. ఆమె రక్తమే ఆమెకు ఎక్కియ్యాలె” అన్నాను.

బాలమణి చెయ్యి దించింది. గాజులు జారి మణికట్టు మీద పడ్డాయి. “గట్లయితె ఇండ్ల మీ గొప్పేమున్నది?” అంది, బాగా నొచ్చుకుని.

లోపల మమతను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇద్దరం శుభ్రంగా చేతులు కడుక్కుని గౌన్లు వేసుకున్నాం. నేను సూదిని పొరకు ఇవతల నిలిపాను. అనసూయగారు చేతినుంచి రక్తం తీసి అందించారు. నెమ్మదిగా ఎక్కించాను. నడుం బిగుసుకుంటున్నట్టుందని మమత అనగానే ఆపాను. ఈ పనిలో తొందర ఉండకూడదు, ధైర్యం ప్రదర్శించకూడదు. పేషెంటు ఆపమన్నచోట ఆపడమే నేర్పు.

గంటకు పైగా పడుకోబెట్టి, ఆ తర్వాత అందర్నీ లోపలికి పిలిచాం. మంచం చుట్టూ మహేశ్, ఇద్దరు తల్లులు, గుమ్మంలో చేతులు కట్టుకుని అనసూయగారు. మమత వీపు కింద చెయ్యి వేసి మెల్లగా లేపాను. కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నేనూ ఎదురుచూస్తున్నాను, లోపల నా తలే పగిలేలా ఉంది. మమత కళ్ళు తెరిచి మా అందర్నీ ఒకసారి చూసి, మళ్ళీ ఏదో ఆలోచనలో పడింది.

“ఏమైందే?” బాలమణి మంచం మీదికి వంగింది. “మల్ల వస్తాందా?”

“ఆగు అత్తమ్మా” అంది మమత. “యాదికి తెచ్చుకుంటున్న.”

“ఏంది యాదికి తెచ్చుకునేది?”

“పండుకున్నన్ని దినాలు నువ్వు నన్నేమేమన్నవో. లేస్తె నొస్తది, జవాబు చెప్పనీకి రాకపాయె. ఇగ కూసున్న గదా, మొదటి సంది చెప్త, ఇను.” చీర కొంగు సర్దుకుంది. “ఒకటి. నేను పనిదొంగనా? బిడ్డ కడుపుల పడ్డ సంది నిన్నమొన్నటి దాంక నీ చాపలు కోసిందెవరు?”

బాలమణి కొంగుతో కళ్ళు తుడుచుకుని ఎదురుమంచం మీద చతికిలబడింది. “కోసినవ్ తియ్యి! ముక్క ఒక్క తీరుగ కోసినవా ఎన్నడన్న? నువ్వు కోసిన తోకముక్కలు ఎవరన్న కొంటరా?”

“రెండు...”

నర్సు పరుగెత్తుకొచ్చి వార్డులో గొడవేమిటని ఆపబోయింది. అనసూయగారు ఆమె భుజం పట్టి వెనక్కి లాగారు. ఇద్దరం తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాం.

“తగ్గినట్టేనా?” అని అడిగారావిడ.

నేను తలుపు సందులోంచి చూశాను. ఇద్దరూ కూర్చునే పోట్లాడుకుంటున్నారు.